పెట్టెలో ఈగలు తగ్గుతున్నాయా? నల్లినీ పురుగుమందునూ లెక్కపెట్టి తేల్చుకునే పద్ధతి

తేనెపెట్టె బలహీనపడగానే మన దగ్గర మొదట వచ్చే మాట, "పక్క చేలో మందు కొట్టారు" అని. చాలాసార్లు అది నిజమే. కానీ ఆ మాట చాటున వరోవా నల్లి నెలల తరబడి ఎవరి కంటా పడకుండా పెరుగుతూ ఉంటుంది. దీనికి తలకిందులుగా జరగడమూ ఉంది: నల్లికి మందు మీద మందు పెడుతూ పోతారు, ఈగలు మాత్రం పత్తి చేలో రాలిపోతుంటాయి. కారణం తేలకుండా చేసే వైద్యం డబ్బు దండగే కాదు, మిగిలిన ఈగలకూ చేటు. అందుకే ముందు లెక్కపెట్టమంటున్నాను. ఇందుకు ప్రయోగశాల అవసరం లేదు. ఒక సీసా, జల్లెడ వల, తెల్లగుడ్డ, నోటుపుస్తకం, నెలకొకసారి ఒక పూట చాలు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఐరోపా ఈగ, అంటే మనం ఇటాలియన్ ఈగ అని పిలిచే ఎపిస్ మెల్లిఫెరా గురించి. ఈ ఈగ మన దేశంలో నిలదొక్కుకున్నది 1962లో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో. దేశవాళీ పుట్టతేనెటీగ, ఎపిస్ సెరానా విషయంలో పద్ధతి మారే చోట్ల విడిగా చెబుతాను.

మొదటి అడుగు: ఏ నల్లి ఏదో గుర్తుపట్టడం

వరోవా ఆడనల్లి ఎర్రటి గోధుమరంగులో, చిన్న ఆవగింజంత ఉంటుంది. పొడవు సుమారు 1.1 మిల్లీమీటర్లు, వెడల్పు 1.6. పొడవుకన్నా వెడల్పు ఎక్కువ కావడమే దీని గుర్తు. ఈగ పొట్ట కింది పొరల మధ్య దూరి కూర్చుంటుంది కనుక ఫ్రేమును పైపైన చూస్తే కనిపించదు. "చూశాను, ఒక్కటీ లేదు" అన్న మాటకు ఈ విషయంలో విలువ లేదు.

దీని అసలు ఇల్లు మన దేశవాళీ ఈగే. ఆ ఈగ మీద ఇది దాదాపుగా పోతు ఈగల గదుల్లోనే పిల్లలు పెడుతుంది కాబట్టి నష్టం ఒక హద్దులో ఉంటుంది. ఐరోపా ఈగను ఆసియాకు తెచ్చాక నల్లి దాని మీదికి మారింది. అక్కడ కూలి ఈగల గదుల్లోనూ పెరగగలదు కనుక అదుపు తప్పింది. ఐరోపా ఈగను పట్టిన ఈ నల్లి, 1904లో జావాలో వర్ణించిన వరోవా జాకబ్సోని ఒకటే అని చాలాకాలం అనుకున్నారు. రెండూ వేరని ఆండర్సన్, ట్రూమన్ 2000లో తేల్చి, దీనికి వరోవా డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు.

ఇది ఈగ రక్తం తాగుతుందని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు. 2019లో సామ్యూల్ రామ్సే బృందం చేసిన ప్రయోగాల్లో తేలినదేమిటంటే, ప్రధానంగా తినేది ఈగ ఒంట్లోని కొవ్వు కణజాలాన్ని. ఈ తేడా చిన్నది కాదు. ఈగకు రోగనిరోధక శక్తి అక్కడి నుంచే వస్తుంది, ఒంట్లో చేరిన విషాన్ని విరగ్గొట్టే పని కూడా ఎక్కువగా అక్కడే జరుగుతుంది. కాబట్టి నల్లి పట్టిన ఈగకు పురుగుమందును తట్టుకునే అవయవమే తరిగిపోతుంది. అటువైపు నుంచి చూసినా ఇదే కథ: క్లోథియానిడిన్ అనే పురుగుమందు ఈగ రోగనిరోధక వ్యవస్థను అణచి, నల్లి మోసుకొచ్చే రెక్కల వికృతి వైరస్ పెరగడానికి దారి ఇస్తుందని ఇటలీలో డి ప్రిస్కో బృందం 2013లో చూపింది. "నల్లి వల్లా, మందు వల్లా?" అన్న ప్రశ్నకు చాలా పెట్టెల్లో జవాబు "రెండూ" కావడానికి ఇదే మూలం.

రెండో నల్లి ట్రోపిలీలాప్స్. ఇది కొండతేనెటీగల నుంచి వస్తుంది. మర్రిచెట్లకూ నీళ్లట్యాంకులకూ పెద్ద పట్లు వేలాడే మన ప్రాంతాల్లో దీన్ని మరిచిపోవడం ప్రమాదం. ఒక మిల్లీమీటరు కన్నా పొడవుండదు, సన్నగా ఉండి తెట్టె మీద చురుగ్గా పరుగెత్తుతుంది. ఎదిగిన పెద్ద ఈగ చర్మాన్ని ఇది కొరకలేదు, పిల్లల మీదే బతుకుతుంది. పిల్లలు లేకపోతే కొద్ది రోజుల్లో చస్తుంది. దాని బలహీనత అదే, వైద్యం దగ్గర పనికొస్తుంది.

రెండో అడుగు: 300 ఈగలతో వరోవా లెక్క

వెడల్పు మూతి ఉన్న అర లీటరు సీసా తీసుకోండి. మూత మధ్య కోసేసి 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల కంతలున్న వల బిగించండి. నల్లి జారాలి, ఈగ జారకూడదు.

మూత వేయని పిల్లలున్న, అంటే ఈగలు గదిని ఇంకా మైనంతో మూయని ఫ్రేమును ఎంచుకోండి. పిల్లలను సాకే ఈగల మీదే నల్లులు ఎక్కువగా చేరతాయి. తేనె ఫ్రేము మీది ఈగలను, గుమ్మం దగ్గరి ఈగలను తీసుకుంటే లెక్క తక్కువ వస్తుంది. ఆ ఫ్రేము మీద రాణి లేదని రెండుసార్లు చూసుకోండి. తర్వాత ఈగలను ఒక తొట్టిలోకి దులిపి, 120 మిల్లీలీటర్ల గిన్నెతో ఒకసారి ముంచి సీసాలో వేయండి. అంత కొలతలో సుమారు 300 ఈగలుంటాయి.

ఇక రెండు దారులు. మొదటిది పంచదార పొడి. రెండు పెద్ద చెంచాల మెత్తని పొడి వల మీదుగా వేసి, ఈగలన్నిటికీ అంటేలా సీసాను ఒక నిమిషం దొర్లించండి. రెండు మూడు నిమిషాలు నీడలో ఉంచి, సీసాను బోర్లించి, తెల్లని పళ్లెంలోకి గట్టిగా ఒకటి రెండు నిమిషాలు కుదపండి. పొడి మీద కాసిని నీళ్లు చల్లితే పంచదార కరిగి నల్లులు తేలతాయి. ఈగలను మళ్లీ పెట్టెలో వదిలేయవచ్చు.

రెండోది స్పిరిట్ కడుగుడు. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను ఈగలు మునిగేలా పోసి, ఒక నిమిషం ఊపి, వల మీదుగా తెల్లగిన్నెలోకి వంచాలి. ఈగలు చనిపోతాయి. అది బాధాకరమే. కానీ బలంగా ఉన్న ఐరోపా ఈగల రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది, ఆ 300 లోటు తొందరగానే పూడుతుంది. పైగా పంచదార పద్ధతిలో కొన్ని నల్లులు ఈగల మీదే మిగిలిపోతాయి. కోస్తాలో వానాకాలపు తేమకు పొడి ముద్దకడుతుంది కాబట్టి ఆ నెలల్లో పంచదార లెక్కను నేను నమ్మను. దేశవాళీ ఈగల కుటుంబం చిన్నది. దానికి మాత్రం స్పిరిట్ వాడకండి. పోతు ఈగల గదులు కొన్ని తెరిచి చూస్తే సరిపోతుంది.

వచ్చిన నల్లుల సంఖ్యను 3తో భాగిస్తే నూరు ఈగలకు ఎన్నో తెలుస్తుంది. 300 ఈగల్లో 9 దొరికితే 3 శాతం. అమెరికాలో పెంపకందార్లు సాధారణంగా 2, 3 శాతం దగ్గర వైద్యం మొదలుపెడతారు. మనమూ దాన్ని హద్దుగా తీసుకోవచ్చు, అయితే రెండు జాగ్రత్తలతో.

ఒకటి, పిల్లలు ఎక్కువగా ఉన్నప్పుడు నల్లుల్లో సగానికి మించి మూతవేసిన గదుల్లోనే దాక్కుని ఉంటాయి. గది మూసుకున్నాక సుమారు 60 నుంచి 70 గంటలకు తల్లినల్లి మొదటి గుడ్డు పెడుతుంది. అది మగది. తర్వాత సుమారు 30 గంటలకొకటి చొప్పున ఆడవి. మీరు సీసాలో చూసేది ఆ కుటుంబంలో బయట తిరిగే భాగాన్నే. రెండు, ఒక్క సీసా లెక్క గట్టిది కాదు. 300 ఈగల్లో 3 నల్లులు దొరికితే అసలు సంఖ్య అర శాతం లోపూ ఉండవచ్చు, దాదాపు 3 శాతమూ ఉండవచ్చు. అందుకే పది పెట్టెలుంటే కనీసం నాలుగైదింటిలో లెక్క తీసి, నెల నెలా పోల్చాలి. ఒక నెల అంకెకన్నా అది పెరిగే తీరే అసలు సంగతి చెబుతుంది.

ట్రోపిలీలాప్స్‌కు ఈ సీసా పనికిరాదు, అది పెద్ద ఈగల మీద ఉండదు కనుక. దానికి మూతవేసిన కూలి ఈగల గదులు ఓ వంద ఎంచి, సన్న పట్టకారుతో మూత తీసి, పిల్లను బయటికి లాగి చూడాలి. ఈగలను దులిపేసిన పిల్లల ఫ్రేమును తెల్లపళ్లెం అంచుకు గట్టిగా తట్టినా కొన్ని పడతాయి. పళ్లెం మీద పరుగెత్తేది ట్రోపిలీలాప్స్, పీతలా అడ్డంగా ఉండేది వరోవా.

మూడో అడుగు: తెట్టె చెప్పేది చదవడం

ఖాళీ అయిన పిల్లల గదులను వెలుగుకు పెట్టి, లోపలి పైగోడను చూడండి. అక్కడ తెల్లని చిన్న మచ్చలు అంటుకుని ఉంటే అవి వరోవా విసర్జన. ఈగలన్నీ పోయి పెట్టె ఖాళీ అయ్యాక కూడా ఈ గుర్తు మిగులుతుంది. "మందుతో పోయింది" అనుకున్న పెట్టెల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

ముడుచుకుపోయిన రెక్కలతో, పొట్టి పొట్టలతో పాకుతున్న కొత్త ఈగలు రెక్కల వికృతి వైరస్‌కు గుర్తు. హవాయిలోని ఓహూ ద్వీపానికి 2007లో వరోవా చేరింది. అంతకుముందు ఆ వైరస్ పదింట ఒక కుటుంబంలో ఉండేది. నల్లి వచ్చాక దాదాపు అన్నిటికీ పాకిందని స్టీఫెన్ మార్టిన్ బృందం 2012లో ప్రచురించింది. వైరస్ అంతకుముందూ ఉంది, దాన్ని ఒంట్లోకి సూదిమందులా ఎక్కించేది మాత్రం నల్లి.

దేశవాళీ ఈగల్లో చూడవలసింది వేరు. గదిలో నిలువుగా చాచుకుని, తల పైకెత్తి, నీటిసంచిలా మారిన పిల్లలు కనిపిస్తే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్‌ను అనుమానించాలి. 1990ల మొదట్లో దక్షిణ భారతంలో సెరానా పెట్టెలను ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసింది ఇదే. దీనికి మందు లేదు. పిల్లల పెంపకానికి విరామం ఇప్పించడం, తట్టుకుని నిలిచిన కుటుంబం నుంచి కొత్త రాణిని తెచ్చుకోవడం, రోగం ఉన్న ఫ్రేములను మరో పెట్టెకు మార్చకపోవడం మాత్రమే చేయగలం.

నాలుగో అడుగు: గుమ్మం ముందు తెల్లగుడ్డ

పెట్టె ముందు మీటరున్నర తెల్లగుడ్డ పరచి, రోజూ ఒకే వేళకు దాని మీది చచ్చిన ఈగలను లెక్కపెట్టి తుడిచేయండి. స్టాండు కాళ్లకు నీటిగిన్నెలు పెట్టడం మనకు అలవాటే, గుడ్డ చుట్టూ కూడా చీమలు రాకుండా చూసుకోకపోతే తెల్లారేసరికి సాక్ష్యం మాయమవుతుంది. ఏ గొడవా లేని రోజుల్లో మీ పెట్టె ముందు ఎన్ని పడుతున్నాయో కనీసం రెండు వారాలు రాసుకోండి. ఆ అంకె లేకపోతే తర్వాతి అంకెకు అర్థం లేదు.

నిండైన ఐరోపా ఈగల పెట్టెకు అమెరికాలో వాడే కొలబద్ద ఇది: రోజుకు 100 వరకు మామూలు చావులు, 200 నుంచి 400 ఉంటే స్వల్ప విషప్రభావం, 500 నుంచి 900 మధ్యస్థం, వెయ్యి దాటితే తీవ్రం. మన పెట్టెలు చిన్నవైతే ఈ అంకెలనూ ఆ మేరకు తగ్గించుకోవాలి. నాలుకలు చాచి పడి ఉండడం, ఒకచోటే గిరగిరా తిరగడం, వణకడం, కక్కుకుని తడిసిన ఒళ్లు, ఇవన్నీ మందు వైపు చూపుతాయి. నాలుక చాచడం ఆకలిచావులోనూ ఉంటుంది కాబట్టి లోపల తేనె ఉందో లేదో చూసే తీర్పు చెప్పాలి.

అయితే గుడ్డ ఖాళీగా ఉంటే మందు తగలలేదని అర్థం కాదు. ఫ్రాన్స్‌లో మికాయెల్ హెన్రీ బృందం ఈగల వీపున అతిచిన్న రేడియో గుర్తులు అంటించి, ఒక్కొక్కదానికి 1.34 నానోగ్రాముల థయామెథాక్సామ్ అనే పురుగుమందు తాగించి వదిలింది. చంపేంత మోతాదు కాదది. అయినా మందు తాగని ఈగలతో పోలిస్తే చాలా ఎక్కువ ఈగలు ఇంటికి తిరిగి రాలేదు. 2012లో వచ్చిన ఈ పరిశోధన తర్వాత చావులు మాత్రమే లెక్కపెడితే చాలదని అందరికీ అర్థమైంది. మనమూ రెండో లెక్క పెట్టుకోవాలి: ఎండ బాగా ఉన్న ఉదయం, ఒకే వేళకు, గుమ్మంలోకి పుప్పొడితో వచ్చే ఈగలను ఒక నిమిషం పాటు లెక్కించి, మూడుసార్లు చేసి సగటు రాయాలి. పూత ఉన్నప్పుడే ఈ సంఖ్య ఉన్నట్టుండి సగానికి పడితే చుట్టుపక్కల ఏం పిచికారీ చేశారో కనుక్కోవాలి.

ఐదో అడుగు: ఏ మందు, ఎంత, దేనితో కలిపి

రైతు దగ్గరికి తగువుకు వెళ్లకండి, తెలుసుకోవడానికి వెళ్లండి. డబ్బా మీది రసాయనం పేరు, ఎప్పుడు కొట్టారు, దాంతో ఇంకేం కలిపారు, ఈ మూడూ కావాలి. మూడోదాన్ని మనవాళ్లు దాదాపు అడగరు. నా లెక్కన అదే అన్నిటికన్నా ముఖ్యం.

శాస్త్రవేత్తలు మందు తీవ్రతను ఎల్‌డీ 50తో కొలుస్తారు. పరీక్షకు పెట్టిన ఈగల్లో సగాన్ని, సాధారణంగా 48 గంటల్లో, చంపే మోతాదు అది. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు తాగితే ఆ మోతాదు ఈగకు సుమారు 3.7 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్లో వంతు ఒక నానోగ్రాము. అంటే ఒక్క గ్రాము అసలు మందు సుమారు 27 కోట్ల ఈగలకు ఆ మోతాదు అవుతుంది. అదే కుటుంబానికి చెందిన ఎసిటామిప్రిడ్ మోతాదు సుమారు 14,500 నానోగ్రాములు, దాదాపు నాలుగు వేల రెట్లు తక్కువ తీవ్రత. అందుకే ఎసిటామిప్రిడ్‌ను ఈగలకు మేలైన మందుగా చెబుతారు.

కానీ 2004లో ఇవాసా, సహచరులు దాన్ని ప్రొపికొనజోల్ అనే తెగులు మందుతో కలిపి చూశారు. ప్రయోగశాలలో ఎసిటామిప్రిడ్ విషం 105 రెట్లు పెరిగింది. తెగులు మందు తనంతట తాను ఈగను చంపలేదు, ఈగ విషాన్ని విరగ్గొట్టుకునే ఎంజైములను ఆపేసింది. పొలంలో ఈ పెరుగుదల అంత ఉండకపోవచ్చు. అయినా పురుగుకొకటి, తెగులుకొకటి ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం మామూలైన మన మిరప, వరి ప్రాంతాల్లో దీన్ని పక్కన పెట్టలేం. 2021-22లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరపను కొత్త తామర పురుగు ముంచెత్తినప్పుడు రైతులు పడ్డ గాభరా అందరికీ తెలుసు. అలాంటి ఏడాదిలో మిరప తోటల మధ్య పెట్టెలు ఉంచకపోవడమే ఈగకూ రైతుకూ మంచిది.

రైతును అడగవలసినవి రెండే: పూత మీద ఉన్న చేలో సాయంత్రం ఈగలు ఇల్లు చేరాకే కొట్టమని, కొట్టే ముందురోజు ఒక ఫోను చేయమని. పొద్దుతిరుగుడు, నువ్వులు వేసేవారికి ఈగల వల్ల గింజ బాగా కడుతుంది కనుక ఈ మాట వాళ్లు తేలిగ్గానే వింటారు.

ఆరో అడుగు: నమూనా పదిలపరచడం

చావులు ఎక్కువైన రోజే, ఇంకా తాజాగా ఉన్న 200 నుంచి 500 ఈగలను ఏరి, తేదీ, చోటు, చేను పేరు రాసి వెంటనే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఎండలో రెండు రోజులు పడి ఉన్న ఈగలో చాలా మందుల జాడ మిగలదు. వీలైతే పిచికారీ చేసిన పూలు, ఆకులు కొన్ని వేరే సంచిలో వేయండి. నల్లి లెక్కను కూడా అదే రోజు తీసి నమూనాకు జతచేయండి. అది లేకపోతే ప్రయోగశాల ఫలితం సగం కథే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పురుగుమందుల అవశేషాల ప్రయోగశాల ఉంది. పంపే ముందు ఫోను చేసి, ఎంత నమూనా కావాలో అడిగి తెలుసుకోండి. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం కూడా దారి చూపుతుంది.

నమూనా ఎంత బలమైన సాక్ష్యమో 2008లో జర్మనీ చూపింది. రైన్ నది లోయలో మొక్కజొన్న విత్తనాలకు పట్టించిన క్లోథియానిడిన్ సరిగా అంటుకోక, నాటే యంత్రాల నుంచి దుమ్ముగా లేచి పక్క పూల మీద పడింది. సుమారు 11,500 ఈగల కుటుంబాలు దెబ్బతిన్నాయి. చచ్చిన ఈగల్లో ఆ మందు దొరకడంతో అదే ఏడాది మే నెలలో అలాంటి విత్తనాల అనుమతి నిలిపేశారు. 2018లో ఐరోపా సంఘం ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్‌ల ఆరుబయట వాడకాన్ని నిషేధించింది.

వార్తల్లో వచ్చే కొత్త పరిశోధనలకూ ఇదే చూపు పెట్టండి: ఎంత మోతాదు ఇచ్చారు, అది పొలంలో నిజంగా దొరికేదేనా, మందు లేని ఈగలతో పోల్చారా, నల్లిని లెక్కించారా. 2017లో వుడ్‌కాక్ బృందం పురుగుమందు పట్టించిన విత్తనాలతో వేసిన ఆవజాతి నూనెగింజ పంట మీద ఒకే ప్రయోగాన్ని మూడు దేశాల్లో చేస్తే, హంగరీ, బ్రిటన్‌లలో ఐరోపా ఈగలకు హాని కనిపించింది, జర్మనీలో కనిపించలేదు. చుట్టూ ఉన్న ఇతర పూలు, ఈగల రోగాల స్థాయి తేడా కావచ్చని వాళ్లే రాశారు. రెండు అంకెలు కొట్టుకుంటున్నాయంటే ఒకటి అబద్ధమని కాదు, చోటు వేరని.

ఏడో అడుగు: వైద్యం, మన ఎండలను గుర్తుంచుకుని

విదేశీ సలహాలను యథాతథంగా వాడితే ఇక్కడే దెబ్బతింటాం. ఫార్మిక్ ఆమ్లం మూతవేసిన గదుల్లోకీ చొరబడుతుంది, అది దాని గొప్ప. కానీ 10 నుంచి 29 డిగ్రీల మధ్యే దాన్ని వాడమని విదేశీ లేబుళ్లు చెబుతాయి. అంతకు మించితే పిల్లలు, ఒక్కోసారి రాణీ చనిపోవచ్చు. మన దగ్గర అది చలికాలపు మందే. మార్చి తర్వాత దాని జోలికి వెళ్లకండి.

ఆక్జాలిక్ ఆమ్లం పెద్ద ఈగల మీది నల్లినే చంపుతుంది, మూత కిందికి వెళ్లదు. కనుక ముందు రాణిని పంజరంలో ఉంచి పిల్లల పెంపకం ఆపాలి. గుడ్డు పెట్టినప్పటి నుంచి కూలి ఈగ గదిలోంచి బయటికి రావడానికి 21 రోజులు, పోతు ఈగకు 24. ఇరవై నాలుగు రోజులకు మూత గదులన్నీ ఖాళీ అవుతాయి. అప్పుడు 3.2 శాతం ఆక్జాలిక్ కలిపిన పంచదార పాకాన్ని ఫ్రేముల సందులో ఈగల మీద సందుకు 5 మిల్లీలీటర్లు, మొత్తం 50కి మించకుండా వేస్తారు. ట్రోపిలీలాప్స్‌కైతే ఆ విరామమే వైద్యం. తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఏ ఆమ్లాన్నీ ముట్టుకోకండి. తేనె తీసే ఫ్రేములు పెట్టె మీద ఉండగా ఏ వైద్యమూ వద్దు.

నల్లిని చంపే ఫ్లువాలినేట్ మందు పట్టీలు సులువు. కానీ చాలా దేశాల్లో నల్లులు దానికి అలవాటుపడ్డాయి, పైగా అది మైనంలో చేరి వదలదు. ఉత్తర అమెరికా పెట్టెలను పరిశీలించి క్రిస్ ములిన్ బృందం 2010లో ప్రచురించిన ఫలితాల్లో, తెట్టె మైనం నమూనాల్లో 98 శాతం దాకా ఫ్లువాలినేట్, నల్లికే వాడే మరో మందు కౌమాఫాస్ దొరికాయి. అవి రైతు కొట్టిన మందులు కావు, ఎక్కువగా పెంపకందారు తన చేత్తో పెట్టినవి. నల్లబడిన పాత తెట్టెలను ఏటా కొన్ని చొప్పున తీసేసి కొత్త మైనపు రేకులు పెట్టండి.

వైద్యం ముగిశాక మళ్లీ 300 ఈగల లెక్క తీయండి, వైద్యం చేయని పెట్టె ఒకటుంటే దాన్నీ లెక్కించండి. రెండింటిలోనూ నల్లి ఒకే తీరుగా తగ్గితే తగ్గించింది మీ మందు కాదు, కాలమో పూతో. వైద్యం చేసిన పెట్టెలో 3 శాతం ఇంకా దాటుతుంటే అదే మందు మోతాదు పెంచకండి. వేరే గుణం ఉన్న మందుకు మారి, నెల తిరగకముందే మరో లెక్క తీయండి.